తోకవైపు ఎముక

పెద్దసారు రేవు షెడ్డులోకి వచ్చేసరికి నిదానం ఒక సొరచేప పొట్ట చీరుతున్నాడు.

ఆ పెద్దాయన్ని రేవులో అందరూ నిదానం అనే పిలుస్తారు. మాట నిదానం, నడక నిదానం, కత్తి కూడా నిదానమే. అతను కోసిన ముక్క అంచు చూసినవాళ్ళెవరూ అతన్ని తొందరపెట్టరు. పక్క బండ దగ్గర చిన్న చేపలు బాగుచేసే అతని భార్య మాత్రం ఊరుకోదు.

"ఏమయ్యా, నువ్వు ఆ పొట్ట తెరిచేలోపు అది పిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు కూడా చేసేట్టుంది."

"దీనికింకా ఈడే రాలేదే," అన్నాడు నిదానం. లోపలికి చెయ్యి పోనిచ్చి పిల్లలు పెరిగే సంచిని వేలి మీదకు తీసి చూపించాడు. అది దారప్పోగులా సన్నగా ఉంది. "చూడు. నిలబెడితే నా ఛాతీ దాకా వస్తుంది. అయినా పసిదే."

పెద్దసారు వెనకాలే ఎముకల మేడం వచ్చింది. ఆమె అసలు పేరు రేవులో ఎవరికీ నోరు తిరగదు. ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఒక గది, అందులో ఒక మైక్రోస్కోపు, గోడ నిండా డబ్బాలు. సొరచేప వెన్నెముక పూసల్ని పల్చగా కోసి, వాటిలో ఉన్న చుట్లు లెక్కపెట్టి, చేపకు ఎన్నేళ్ళో చెప్పడం ఆమె పని. ఆ పూసలు తీసి ఇవ్వడం మూడేళ్ళుగా నిదానం పని. వచ్చిన మొదటి వారమే ఆమె అతన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టింది.

ఆ రోజు లోపలికి వస్తూ ఆమె బాబాయ్ అనలేదు. తల దించుకుని నిలబడింది.

"ఇక్కడే అడుగుతాను, నలుగురూ విననీ," అన్నాడు పెద్దసారు. ఆయన పెద్దాఫీసు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. తడి నేల మీద బూట్లు జారకుండా జాగ్రత్తగా నిలబడ్డాడు. "ఇదే జాతి సొర. రెండు కేంద్రాల వాళ్ళు లెక్కపెట్టారు. ఆడదానికి పదమూడో ఏటగానీ ఈడు రాదన్నారు. నీ లెక్కలో ఎనిమిదేళ్ళకే వచ్చేసింది. నీ సముద్రంలో నీళ్ళేమైనా వేరా అమ్మా?"

"మూడుసార్లు లెక్కపెట్టాను సార్."

"ముప్పైసార్లు పెట్టు. ఎనిమిదేళ్ళని మనం రాస్తే ఏమవుతుంది? ఎంత పట్టినా త్వరగా పుంజుకుంటాయని అందరూ వలలు వేసేస్తారు. ఏడాది విడిచి ఏడాది నాలుగైదు పిల్లల్ని కనే జంతువు అది. పదేళ్ళలో మాయమైపోతుంది. దానికి సంతకం నేను పెట్టాలా? లెక్కపెట్టడం రానివాళ్ళకి మైక్రోస్కోపు ఎందుకు?"

షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది.

"పూస ఎక్కడి నుంచి తీయిస్తున్నావు?"

"మొదటి వీపురెక్క కింద నుంచి సార్. ఎవరైనా అక్కడి నుంచే తీయాలి. అదిగో, రాసి కూడా అంటించాను."

నిదానం బండకు ఎదురుగా ఉన్న స్తంభం మీద ప్లాస్టిక్ తొడిగిన కాగితం ఒకటుంది. మేడం వచ్చిన వారంలోనే దాన్ని అంటించింది. మూడేళ్ళుగా తల ఎత్తినప్పుడల్లా అతని కళ్ళు దాని మీదే పడుతున్నాయి. పెద్దసారు దగ్గరికెళ్ళి పైకి చదివాడు.

"పూసలు మొదటి వీపురెక్కకు సరిగ్గా కిందనే తీయాలి. తోకవైపు తీయకూడదు."

నిదానం చేతిలో కత్తి ఆగింది. ఆ కాగితంలో ఏముందో అతను మొదటిసారి విన్నాడు.

"ఏమయ్యా, ఇలాగే తీస్తున్నావా?"

పక్కన రేకు పళ్ళెంలో ఆ పూట తీసిన పూసలు ఉన్నాయి. నాలుగు చేపలవి. నాలుగూ తోకవైపువే.

నిదానం తల ఊపాడు. కావాలని ఊపలేదు. ఎవరైనా కాగితం చూపించి అడిగితే అతని తల దానంతటదే ఊగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

"శుక్రవారం దాకా టైమిస్తున్నాను," అన్నాడు పెద్దసారు మేడంతో. "తప్పు ఎక్కడుందో చెప్పగలిగితే చెప్పు. లేకపోతే ఆ మేడ మీద గది ఖాళీ చేసెయ్. వేరేవాళ్ళని పంపిస్తాను."

మేడం వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "పూసలు తర్వాత వచ్చి తీసుకెళ్తాను బాబాయ్," అంది.

మధ్యాహ్నం కుళాయి దగ్గర బండలు కడుగుతూ నిదానం భార్యకు చెప్పాడు. ఒక్కో మాటకీ మధ్య చెంబుడు నీళ్ళు పోస్తూ చెప్పాడు.

"ఆ కాగితం ఇచ్చిన రోజు... చదివావా బాబాయ్ అంది... ఆఁ అన్నాను."

భార్య చీపురు పక్కన పెట్టింది. అతనికి అక్షరం ముక్క రాదని ఆమెకొక్కదానికే తెలుసు. ఇంట్లో ఏ కాగితం వచ్చినా ఆమే కూడబలుక్కుని చదువుతుంది.

"అప్పుడే నన్నడగొచ్చుగా?"

"అడుగుదామనుకున్నా. నువ్వు అప్పుడు కాలు విరిగి మంచం మీదున్నావు. తర్వాత నెలలు గడిచిపోయాయి. ఇంకేం అడుగుతాను? ఆవిడ ఎముక అంది, ఎముక ఇచ్చాను. ముక్కలు కొనుక్కుపోయే టోకు మామ సంగతి నీకు తెలుసుగా, నడుం ముక్కకు వీపున కత్తి గాటు పడితే తీసుకోడు. నాకు మిగిలేది తోకే."

"ఎక్కడ తీస్తే ఏం? మొత్తం ఒకే చేపది కాదూ? తలకి ఒక వయసు, తోకకి ఒక వయసు ఉంటుందా?"

ఆ మాట నిదానానికి కాస్త ఊరటగా అనిపించింది. నిజమే కదా అనుకున్నాడు. అనుకున్నాడు గానీ, తర్వాత అన్నానికి కూర్చుని సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఆ పిల్లని నలుగురిలో కడిగేశాడే," అన్నాడు. "నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను."

భార్య అతని కంచంలో మిగిలిన ముద్దను తన కంచంలో వేసుకుని తింది.

బుధవారం పొద్దున ఒక ఆడ సొర వచ్చింది. టోకు మామ దాని పక్కనే కాపలా కుక్కలా నిలబడ్డాడు.

"నడుం ముక్కకు గీత పడకూడదు, నిదానం. నిన్న కూడా చెప్పా, ఇవాళ కూడా చెప్తున్నా, రేపు కూడా చెప్తా."

"రేపు చెప్పేది కూడా ఇవాళే చెప్పేశావుగా. రేపు నోటికి సెలవిచ్చుకో," అంది నిదానం భార్య.

నిదానం సొరను వెల్లకిలా తిప్పాడు. పొట్ట తెరిచి పేగులు, కాలేయం తీసి తొట్టిలో వేశాడు. ఎప్పుడూ అక్కడితో ఆగిపోయేవాడు. ఇవాళ ఆగలేదు. లోపల వీపువైపు గోడకు అంటుకున్న ఎర్రటి పొరను గోటితో గీకాడు. పొర కింద వెన్ను కనిపించింది, దండలో గుచ్చినట్టు పూస పక్కన పూస. ఎడమ చెయ్యి బయట నుంచి వీపురెక్క మొదలు మీద పెట్టాడు. కుడి చేతి వేలితో లోపల నుంచి తడిమాడు. పై చెయ్యి, లోపలి వేలు ఒకే చోట కలిసేదాకా తడిమాడు.

చిన్న కత్తి మొన పూసల అతుకులో దింపాడు. సొరకు గట్టి ఎముక ఉండదు. అంతా మెత్తటిదే, సందు తెలిస్తే తెగుతుంది. ఒక పక్క, రెండో పక్క. కండ చీలకుండా మణికట్టు తిప్పుతూ, చంటిపిల్ల నోట్లోంచి గింజ తీసినంత మెల్లగా మూడు పూసలు బయటికి తీశాడు.

టోకు మామ నడుం ముక్క అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వీపున గాటు లేదు. ఏమీ అనడానికి దొరక్క, "ఇంత సేపా?" అని ఎత్తుకుపోయాడు.

తోకవైపు కూడా మూడు పూసలు తీశాడు నిదానం. కలిసిపోకుండా ముందువైపు వాటికి తెల్ల దారం, తోకవైపు వాటికి నల్ల దారం కట్టాడు. వేడినీళ్ళలో వేసి, అంటుకున్న కండ ఒలిచి, రేకు మీద ఎండబెట్టాడు. ఎండాక చూస్తే ఒక్కో పూసా రెండు బుల్లి గిన్నెలు అడుగూ అడుగూ అంటించినట్టుంది. గిన్నె లోపల ఒకదాని చుట్టూ ఒకటి చుట్లు. కంటికి ఆనీఆననట్టున్నాయి.

సాయంత్రం వీధి చివర వాచీలు బాగుచేసే అతని దగ్గరికెళ్ళి, కంటికి పెట్టుకునే అద్దం ఒక్క గడియ ఇమ్మన్నాడు.

"ఏం పెద్దాయనా, చేపలకి వాచీలు కడుతున్నావా?"

"వాటికి... టైమెంతయిందో చూడాలి."

అక్షరాలు రావు గానీ అంకెల్లో నిదానానికి తిరుగులేదు. బుట్టలో చేపలు జతలు జతలుగా లెక్కపెట్టి పెరిగిన చెయ్యి అది. నల్ల దారం పూసను వెలుతురుకు పట్టి, సూది మొనతో ఒక్కో చుట్టునూ తాకుతూ లెక్కపెట్టాడు. ఏడు. మళ్ళీ పెట్టాడు. ఏడే. అంచు దగ్గర ఏదో మసకగా ఉంది, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు.

తెల్ల దారం పూస తీశాడు. అది పెద్దది. అంచు దాకా చుట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఏడు దాటాయి. ఎనిమిది. తొమ్మిది. పదకొండు దగ్గర సూది ఆగింది.

ఒకే చేప. రెండు పూసలూ రెండు వయసులు చెప్తున్నాయి.

అద్దం తిరిగి ఇచ్చేశాడు. వాచీల మనిషి ఒక స్టూలు జరిపాడు. నిదానం కూర్చోలేదు.

గురువారం పని అయ్యాక ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కాడు. ఇరవై రెండు మెట్లు. పదో మెట్టు దగ్గర ఒకసారి, పద్దెనిమిదో మెట్టు దగ్గర ఒకసారి ఆగాడు. మోకాళ్ళ నొప్పి అనుకోవచ్చు చూసినవాళ్ళు.

మేడం గదిలో సగం డబ్బాలు అట్టపెట్టెల్లోకి దిగిపోయాయి. ఆమె మైక్రోస్కోపులో కన్ను పెట్టి పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రా బాబాయ్. కూర్చో. నాలుగోసారి లెక్కపెడుతున్నా. మళ్ళీ ఎనిమిదే. నాకు నిజంగానే లెక్క రాదేమో."

"నీకు వచ్చమ్మా," అన్నాడు నిదానం. జేబులోంచి గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పాడు. "ఒకే చేపవి. తెల్లది రెక్క కింద. నల్లది తోక దగ్గర."

ఆమె పూసల వంక చూసింది, అతని వంక చూసింది.

"ఇన్నాళ్ళూ నీకిచ్చినవన్నీ నల్లవే," అన్నాడు.

"అదేంటి? కాగితం మీద..."

"నాకు చదువు రాదమ్మా."

అరవై ఏళ్ళు దాటిన జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక చెవుల్లో హోరు. ఆమె ఏమంటోందో వెంటనే వినిపించలేదు.

"మూడేళ్ళు!" అంటోంది ఆమె. కుర్చీలోంచి లేచింది. "మూడేళ్ళు బాబాయ్! నిన్న కాక మొన్న కూడా సారు అడిగితే తల ఊపావు. నన్ను అంతమందిలో..."

"ఊపాను. తప్పే."

ఆమె కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది. కింద ఐసు మరలో గడ్డ పగిలిన చప్పుడు. తర్వాత వచ్చి కూర్చుంది. రెండు పూసల్నీ పల్చగా కోసి, అద్దపు పలకల మీద పెట్టి చూసింది. నల్లది చూసింది. తెల్లది చూసింది. మళ్ళీ నల్లది.

"అంచు దగ్గర చుట్లు ఒత్తుకుపోయాయి," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "తోకలో పూస చిన్నది. పెరగడానికి చోటు లేదు. చివరి ఏళ్ళన్నీ ఒకదాన్లో ఒకటి ఇరుక్కుపోయాయి. ఇది ఏడు. ఇది పదకొండు."

"నాకూ పదకొండే వచ్చింది."

ఆమె చటుక్కున తల తిప్పింది. "నువ్వు లెక్కపెట్టావా? దేంతో?"

"వాచీల అద్దంతో."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేను చూడాల్సింది బాబాయ్. ఒక్కసారైనా నీ పక్కన నిలబడి, ఎక్కడ కోస్తున్నావో చూడాల్సింది. కాగితం అంటించి, నా పని అయిపోయిందనుకున్నా. ఇలాంటి పూసలు ఇంకో ముప్పై చేపలవి జతగా తీసిస్తావా? తేడా ఎంతో తేలితే మూడేళ్ళ పనీ సరిచేసుకోవచ్చు. ఒక్కటీ పారేయక్కర్లేదు."

"తీసిస్తానమ్మా," అన్నాడు నిదానం. తిట్లు తినడానికి సిద్ధపడి మెట్లెక్కిన మనిషి అతను.

ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని ముందు పెట్టింది. ఎక్కడో మంచు సముద్రంలో ఒక రకం సొర ఉంటుందని, అది రెండొందల డెబ్భై ఏళ్ళు దాటి కూడా బతుకుతుందని, దానికి ఈడు రావడానికే నూట యాభై ఏళ్ళు పడుతుందని లెక్కగట్టారని చెప్పింది.

"నూట యాభయ్యా?" నిదానం గ్లాసు కింద పెట్టాడు. "దాని లెక్కన నాకింకా పళ్ళు కూడా రానట్టే."

"రేపు సారుకి నేనే చెప్తాను," అంది ఆమె. "పొరపాటు నాదని చెప్తాను. నీ చదువు ఊసు ఎందుకు?"

"వద్దమ్మా. నేనూ వస్తాను."

శుక్రవారం పెద్దసారు ఆ గదిలోనే కూర్చున్నాడు. మేడం రెండు పలకలూ చూపించింది. ఆయన మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశాడు. తర్వాత నిదానం ముందుకొచ్చి తన మాట చెప్పాడు. గుమ్మం దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. వాళ్ళు వింటున్నారని తెలిసే చెప్పాడు.

"మంగళవారం అడిగితే తల ఊపావుగా?"

"ఊపాను సారూ. ఊపడం అలవాటయిపోయింది."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడతాడేమోనని మేడం అడ్డం రాబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపి, "వీపు కొయ్యకుండా ఎలా తీశావు?" అని అడిగాడు.

నిదానం చేతుల్తో చూపించాడు. పై చెయ్యి, లోపలి వేలు. ఆయనకి అర్థం కాలేదు. కిందికి దిగి షెడ్డులోకే వచ్చాడు. చొక్కా చేతులు మడిచి, చిన్న సొర మీద తనే ప్రయత్నించాడు. కత్తి కండలోంచి దూసుకొచ్చి వీపున బయటపడింది.

"అయ్యో నా ముక్క!" అని టోకు మామ కేకపెట్టాడు. షెడ్డంతా గొల్లుమంది. పెద్దసారుకీ నవ్వొచ్చింది. రక్తం అంటిన చేతుల్తోనే మేడం వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"నీ లెక్క సరిగ్గానే ఉందమ్మా. మొన్న ఇక్కడ నేనన్న మాట సరిగ్గా లేదు. ఏమీ అనుకోకు."

మేడం తల ఊపింది. అట్టపెట్టెలు విప్పడానికి ఆ సాయంత్రం గుమాస్తాలిద్దరూ సాయం పట్టారు.

పెద్దసారు వెళ్ళబోయే ముందు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. జరిగిందంతా అందులో మేడం రాసింది, కింద నిదానం వేలిముద్ర వెయ్యాలి. సిరాపెట్టె కూడా తెరిచి ఉంచారు. నిదానం వేలు ముందుకు చాపి, వెనక్కి తీసుకున్నాడు.

"చదివి వినిపించండి సారూ."

ఆయన చదివాడు. మధ్యలో ఒకచోట నిదానం, "ఆగండి," అన్నాడు. "మళ్ళీ చదవండి, అది."

"సరిగ్గా చెప్పకపోవడం వల్ల జరిగిన పొరపాటు పూర్తిగా నాదే అని మేడం రాసింది."

"అది తప్పు సారూ. ఇద్దరిదీ అని రాయండి."

పెద్దసారు మేడం వంక చూశాడు. ఆమె కలం తీసి ఆ మాట కొట్టేసి, పైన ఇంకోటి రాసింది. ఆయన మళ్ళీ మొదటి నుంచీ చదివాడు, ఈసారి నిదానం మాట్లాడేంత నిదానంగా. అప్పుడు నిదానం వేలు సిరాలో ముంచాడు.

శనివారం పొద్దున గాలం వేసే పడవ ఒకటి రేవు నోటి నుంచే తిరిగొచ్చింది. నీళ్ళ తొట్టిలో మూరెడు సొర పిల్ల, ఇంకా మొప్పలాడిస్తోంది. పడవ మనిషి దాన్ని బండ మీద పెట్టబోయాడు.

"ఆగు," అన్నాడు నిదానం. తొట్టిలోనే కొలిచాడు, మూర మీద బెత్తెడు. "ఆడపిల్ల. నాలుగేళ్ళుంటాయేమో. ఇంకో తొమ్మిదేళ్ళు ఆగాలి, దీని కడుపు పండడానికి. వదిలేద్దామా?"

పడవ మనిషి బుర్ర గోక్కున్నాడు. "సరేలే. దీంతో నా పడవేం నిండుతుంది?"

నిదానం తొట్టి ఎత్తుకుని రేవు మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు మీద మోకాళ్ళ దాకా నీళ్ళలో కూర్చుని, పిల్లని రెండు చేతుల మధ్య నీళ్ళలో పట్టుకున్నాడు. అది కదల్లేదు. నోట్లోకి నీళ్ళు పోయేలా మెల్లగా ముందుకు తోస్తూ ఉన్నాడు. ఒళ్ళు గరుకుగా అరచేతులకు తగులుతోంది. ఇన్నేళ్ళలో ఇలా ప్రాణంతో ఉన్నదాన్ని చేతుల్లో పట్టుకున్నట్టు అతనికి గుర్తులేదు.

భార్య పైమెట్టు మీద నిలబడి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది.

"తొమ్మిదేళ్ళంటే నాకు డెబ్భై దాటుతాయే," అన్నాడు వెనక్కి చూడకుండా. "దీని పిల్లల్ని చూడ్డానికి ఉంటానో, ఉండనో."

"నువ్వు లేకపోతే ఏం? అది ఉంటుందిగా."

నిదానానికి ఆ మాట ఎంత బాగా తోచిందో, నవ్వుతూ తిరిగి ఆమె వైపు చూశాడు. ఆ చూపులోనే చేతుల మధ్య ఏదో విదిలించినట్టయింది. అతను తల తిప్పేసరికి మోకాళ్ళ చుట్టూ నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.